ఓడ నమూనాకు స్తంభాల మోకులు కట్టడం ఎలా?

ఊరి బయట కరెంటు లైను మలుపు తిరిగే చోట ఉండే స్తంభాన్ని ఎప్పుడైనా గమనించారా? తీగలన్నీ కలిసి దాన్ని ఒక పక్కకి లాగుతుంటాయి. అందుకే రెండో పక్క నుంచి ఒక స్టే వైరు స్తంభం తల దగ్గర మొదలై ఏటవాలుగా దిగి భూమిలోకి వెళ్తుంది. అది తెగితే స్తంభం నెమ్మదిగా వాలిపోతుంది. తెరచాప ఓడల్లో స్తంభం తలను ముందు వైపుకి పట్టి ఉంచే మోకును కూడా స్టే అనే అంటారు. పేరూ అదే, పనీ అదే. కాకపోతే కరెంటు స్తంభం కింద నేల కదలదు. ఓడ స్తంభం కింద నేలే ఊగుతూ ఉంటుంది, గాలి ఏ పక్క నుంచైనా తోస్తుంది. అందుకని దానికి అన్ని వైపుల నుంచీ మోకులు కావాలి.

ఓడ నమూనా చేసేవాళ్లు చాలామంది చెక్క పని ఎంతో శ్రద్ధగా చేసి, తాళ్ల దగ్గరికి వచ్చేసరికి తొందరపడతారు. స్తంభాన్ని జిగురుతో అంటించేసి, చుట్టూ అందంగా కనిపించేలా దారాలు తగిలిస్తారు. నా మొదటి నమూనా కూడా నేను అలాగే చేశాను. ఆరు నెలల్లో సగం దారాలు వేలాడాయి, పెద్ద స్తంభం ఎడమకి వాలింది. రెండోసారి అసలు ఓడలో కట్టే వరసలోనే కట్టాను. స్తంభాన్ని జిగురు కాదు, ఎదురెదురుగా లాగే మోకులు నిలబెట్టాయి. ఆ పద్ధతినే ఇక్కడ చెబుతున్నాను. 18వ శతాబ్దపు ఓడను దృష్టిలో పెట్టుకుని రాశాను. అప్పట్లో ఈ మోకులన్నీ తారు పట్టించిన హెంప్ అనే గంజాయి జాతి మొక్క నారతో పేనినవే. 19వ శతాబ్దం మధ్య నుంచి ఇనుప తీగ మోకులు వచ్చాయి.

ముందు ఏ మోకు ఎటు లాగుతుందో తెలుసుకోండి

స్తంభం తల నుంచి ఓడ రెండు పక్కలకూ దిగే మోకులు ష్రౌడ్‌లు. వీటిని పక్కమోకులు అందాం. ఇవి స్తంభానికి సరిగ్గా పక్కన కాకుండా కొంచెం వెనక్కి దిగుతాయి. అందువల్ల స్తంభం పక్కలకి వాలకుండా, ముందుకి పడకుండా రెండు పనులూ చేస్తాయి. స్తంభం తల నుంచి ముందుకి దిగేది స్టే, అంటే ముందుమోకు. అది స్తంభం వెనక్కి పడకుండా ఆపుతుంది. కింది స్తంభం మీద నిలబెట్టే పై స్తంభాల నుంచి నేరుగా ఓడ అంచు దాకా వెనక్కి దిగేవి బ్యాక్‌స్టేలు, అంటే వెనకమోకులు.

ఇందులో ఒక గొలుసు ఉంది. ముందు స్తంభాన్ని పట్టే ముందుమోకు, ఓడ ముక్కు నుంచి బయటికి పొడుచుకొచ్చిన బౌస్ప్రిట్ అనే కొయ్యకి కట్టి ఉంటుంది. ఆ కొయ్యని కిందికి పట్టి ఉంచేది బాబ్‌స్టే అనే మోకు. అంటే ముక్కు కింద బాబ్‌స్టే తెగితే బౌస్ప్రిట్ పైకి లేస్తుంది, ముందుమోకు వదులవుతుంది, స్తంభం ఊగడం మొదలవుతుంది. యుద్ధాల్లో గొలుసుతో కలిపిన గుండ్లను ఎదుటి ఓడ తాళ్ల మీదికి పేల్చేవారు. ఓడను ముంచనక్కర్లేదు, నాలుగు మోకులు తెగితే చాలు, స్తంభం దానంతట అదే కూలేది.

కాబట్టి నమూనాలో కూడా పని బౌస్ప్రిట్ నుంచే మొదలుపెట్టండి. దాన్ని ముక్కుకి కట్టే చుట్లు, బాబ్‌స్టే ముందు పూర్తవ్వాలి. స్తంభాల జోలికి ఆ తర్వాతే వెళ్లండి.

తాడు లావు లెక్క

అన్ని తాళ్లకీ ఒకే దారం వాడితే నమూనా బొమ్మలా కనిపిస్తుంది. అసలు ఓడలో ప్రతి మోకుకీ ఒక లావు ఉంటుంది. ఇంగ్లండ్ ఓడల పట్టికల్లో తాడు లావును వ్యాసంలో చెప్పరు, చుట్టుకొలతలో అంగుళాల్లో చెబుతారు. కొత్తవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. 10 అంగుళాల మోకు అంటే 10 అంగుళాల మందం కాదు, చుట్టూ టేపు పెట్టి కొలిస్తే 10 అంగుళాలు.

లెక్క సులువే. చుట్టుకొలత అంగుళాలను 8తో గుణిస్తే అసలు వ్యాసం దాదాపుగా మిల్లీమీటర్లలో వస్తుంది. దాన్ని మీ నమూనా స్కేలుతో భాగించండి. 10 అంగుళాల మోకు అసలు వ్యాసం సుమారు 80 మి.మీ. 1:100 నమూనాలో 0.8 మి.మీ., 1:72 నమూనాలో 1.1 మి.మీ. ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్‌లో ఇప్పటికీ ఉన్న హెచ్ఎంఎస్ విక్టరీ అనే యుద్ధనౌక 1765లో నీటిలోకి దిగింది. దాని పెద్ద స్తంభపు ముందుమోకు చుట్టుకొలత 19 అంగుళాలు. అంటే వ్యాసం 15 సెంటీమీటర్లకు పైనే, మనిషి తొడంత లావు. 1:100 నమూనాలో కూడా అది ఒకటిన్నర మి.మీ. తాడు. అదే నమూనాలో నావికులు పైకెక్కే మెట్టుతాడు 0.15 మి.మీ. దారం. ఈ తేడా చూపించగలిగితే మీ ఓడకి ప్రాణం వచ్చినట్టే.

పట్టిక దొరకకపోతే ఈ వరస గుర్తుంచుకోండి: ఒకే స్తంభానికి ముందుమోకు అన్నిటికన్నా లావు, దాని తర్వాత పక్కమోకులు, వాటిని బిగించే తాడు పక్కమోకులో దాదాపు సగం. పై స్తంభాలకి వెళ్లేకొద్దీ అన్నీ సన్నబడతాయి.

తాడు సిద్ధం చేయడం

నైలాన్ దారం వద్దు, అది సాగుతుంది. నూలు దారం చూడటానికి బాగుంటుంది కానీ గాలిలో తేమకి బిగుస్తుంది, ఎండకి వదులవుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో ఉండేవాళ్లకి ఇది పెద్ద తలనొప్పి. అసలు ఓడల్లో నార మోకులు కూడా ఇంతే. తడిస్తే పొట్టివయ్యేవి, ఆరితే సాగేవి, నావికులు మళ్లీ మళ్లీ సరిచేసేవారు. మీ ఓడ మీద ఆ పనికి నావికులు లేరు కాబట్టి పాలిస్టర్ దారం వాడండి. మెరుపు లేనిది ఎంచుకోండి.

కుట్టుదారం మూడు పేటలుగా తీసుకుని సొంతంగా తాడు పేనుకుంటే ఇంకా మంచిది. మూడు దారాలను ఒక చివర మూడు కొక్కేలకి, రెండో చివర ఒకే కొక్కేనికి తగిలించండి. ముందు మూడు పేటలనూ విడివిడిగా ఒకే దిశలో పురి తిప్పండి. తర్వాత ఆ మూడిటినీ కలిపి ఎదురు దిశలో తిప్పండి. చేతి డ్రిల్లు ఉంటే పని త్వరగా అవుతుంది. పేటలు ఒక దిక్కున విడిపోవాలని చూస్తుంటే తాడు ఎదురు దిక్కున విడిపోవాలని చూస్తుంది. ఆ రెండూ ఒకదాన్నొకటి ఆపుకుంటాయి కాబట్టే తాడు తాడుగా ఉంటుంది. పల్లెల్లో పగ్గాలు పేనినవాళ్ల చేతులకి ఇది చెప్పకుండానే తెలుసు.

పేనిన తాడును ఒక బరువు కట్టి ఒక రాత్రి వేలాడదీయండి. సాగాల్సిందంతా అప్పుడే సాగిపోతుంది. తర్వాత తేనెమైనం ముక్క మీదుగా రెండుసార్లు లాగి, వేళ్ల మధ్య రుద్దితే నూగు అణుగుతుంది.

రంగు సంగతి. స్తంభాలను నిలబెట్టే మోకులకి పైన్ చెట్ల తారు పట్టించేవారు, కాబట్టి అవి ముదురు గోధుమ రంగులో ఉంటాయి. తెరచాపలను ఎత్తి దించే తాళ్లు కప్పీల గుండా కదలాలి, అందుకని అవి లేత రంగు. ఈ రెండు రంగులూ కలిసిపోకుండా చూసుకోండి. కాటుకలాంటి నలుపు మాత్రం ఆ కాలపు ఓడకి నప్పదు.

పెద్ద మోకుల మీద రాపిడి తగిలే చోట్ల మరో సన్న తాడును దగ్గర దగ్గరగా చుట్టేవారు. దానికి ముందు తాడు పేటల మధ్య గాళ్లలో సన్న తాడు నింపి, పైన తారు పూసిన గుడ్డ చుట్టేవారు. ఆ రెండూ పురి వెంబడి, చివరి చుట్టు మాత్రం పురికి ఎదురుగా. నమూనాకి పై చుట్టు ఒక్కటే చాలు. ప్రతి పక్కలోనూ అన్నిటికన్నా ముందున్న పక్కమోకుకి పొడవంతా చుట్టండి, ఎందుకంటే తెరచాప రుద్దుకునేది దానికే. మిగతావాటికి స్తంభం తల చుట్టూ తిరిగే భాగం వరకు చుట్టితే సరిపోతుంది. విసుగు పుట్టించే పనే, కానీ దగ్గర నుంచి చూసేవాళ్ల కన్ను ముందు అక్కడికే వెళ్తుంది.

స్తంభం నిలబెట్టడం, ఇనుప పట్టీల కోణం

స్తంభాన్ని దాని గుంటలో నిలబెట్టండి, జిగురు పూయకండి. దారానికి చిన్న బరువు కట్టి ఎదురు నుంచి చూస్తూ నిటారుగా ఉందో లేదో సరిచూడండి. పక్క నుంచి చూసినప్పుడు ప్లాన్‌లో ఉన్నంత వాలు ఉండాలి. చాలా ఓడల్లో వెనక స్తంభం కొంచెం వెనక్కి వాలి ఉంటుంది, దాన్ని తప్పనుకుని నిటారుగా చేయకండి.

ఓడ పక్కన బయటికి పొడుచుకొచ్చిన వెడల్పాటి పలక ఉంటుంది, దాన్ని చానెల్ అంటారు. పక్కమోకులు ఓడ పక్క గోడకి రుద్దుకోకుండా, స్తంభాన్ని ఇంకాస్త దూరం నుంచి పట్టుకునేలా చేసేది అదే. దాని అంచు నుంచి ఇనుప పట్టీలు ఓడ గోడకి దిగుతాయి. ఈ పట్టీలను నిలువుగా కొట్టేయడం చాలామంది చేసే తప్పు. పట్టీ తన పక్కమోకు గీతలోనే ఉండాలి. లేకపోతే లాగినప్పుడు ఆ చోట మెలిక పడుతుంది. ముందుగా స్తంభం తల నుంచి ఒక దారం కట్టి, ఒక్కో పక్కమోకు స్థానం మీదుగా ఓడ గోడ దాకా లాగి పట్టుకోండి. దారం తగిలిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టి, అక్కడే రంధ్రం వేయండి. వెనక్కి వెళ్లేకొద్దీ పట్టీల వాలు పెరుగుతూ పోతుంది. అది కనిపించిందంటే మీరు సరిగ్గా చేస్తున్నట్టే.

పక్కమోకులు: జతలు జతలుగా, రెండు పక్కలా మార్చి మార్చి

ఒక్కో పక్కమోకును విడిగా కట్టరు. పొడవైన మోకును మధ్యకి మడిచి, మడత దగ్గర స్తంభం తల దూరేంత కన్ను వదిలి కట్టు వేస్తారు. ఆ కన్ను స్తంభం తల మీద నుంచి దిగుతుంది, రెండు కాళ్లూ ఒకే పక్కకి దిగుతాయి. అదే ఒక జత.

మొదటి జత కుడి పక్కన ముందు వైపుది. రెండోది ఎడమ పక్కన ముందు వైపుది. మూడోది మళ్లీ కుడి, నాలుగోది ఎడమ. కన్నులు ఒకదానిమీద ఒకటి పేరుకుంటూ పోతాయి. కుడి పక్కవన్నీ ముందు వేసేసి తర్వాత ఎడమ పక్కవి వేస్తే, ఎడమ మోకులన్నీ ఎత్తు మీద నుంచి దిగి రెండు పక్కలూ వేరువేరుగా కనిపిస్తాయి. స్తంభం కూడా పని మధ్యలోనే ఒక పక్కకి లాగబడుతుంది. ఒక పక్క మోకుల సంఖ్య బేసి అయితే చివరి ఒంటి మోకును దాని సొంత కన్నుతో అన్నిటికన్నా చివర వేయండి.

కన్ను కట్టు స్తంభం తలకి దగ్గరగా ఉండాలి, కానీ ఊపిరాడనంత బిగుతు వద్దు. మోకు సహజంగా కిందికి వాలే కోణంలో ఉండాలి.

మూడు కళ్ల బిళ్లలు

పక్కమోకు నేరుగా ఓడకి కట్టరు. దాని చివర మూడు రంధ్రాలున్న గుండ్రటి కొయ్య బిళ్ల ఉంటుంది. ఇంగ్లిష్‌లో డెడ్‌ఐ అంటారు. కింద చానెల్ దగ్గర మరో బిళ్ల. ఈ రెండిటి మధ్య సన్న తాడు ఆరుసార్లు తిరుగుతుంది. ఇదే బిగించే యంత్రం. కప్పీలాంటిదే కానీ చక్రం లేదు. తాడు రంధ్రాల్లో జారాలి కాబట్టి అసలు ఓడలో జంతువుల కొవ్వు పూసేవారు. కొత్త మోకులు సాగినప్పుడల్లా ఈ తాడును వదిలి మళ్లీ లాగి బిగించేవారు.

పై బిళ్లలన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. మొత్తం పనిలో నేను ఎక్కువ సమయం పెట్టేది దీనికే. సన్న ఇత్తడి తీగను స్టేపుల్ పిన్నులా రెండు చివర్లూ వంచండి. ఒక చివర కింది బిళ్ల రంధ్రంలో, రెండో చివర పై బిళ్ల రంధ్రంలో దూర్చండి. ఇప్పుడు రెండు బిళ్లల మధ్య దూరం మీ తీగ చెప్పినంతే. ఆ దూరం బిళ్ల వ్యాసానికి రెండున్నర, మూడు రెట్లు ఉంటే నా కంటికి సరిగ్గా అనిపిస్తుంది. ప్రతి మోకుకీ అదే తీగ వాడండి, కొత్తది చేయకండి.

తీగ పట్టి ఉండగానే పక్కమోకును పై బిళ్ల గాడి చుట్టూ తిప్పి, కొసను పైకి మడవండి. బిళ్లకి ఆనుకుని మొదటి కట్టు, దాని పైన కొద్ది దూరంలో రెండోది, ఇంకాస్త పైన కొస దగ్గర మూడోది. మూడు కట్లూ అన్ని మోకులకీ ఒకే ఎత్తులో రావాలి. అట్టముక్క మీద మూడు గీతలు గీసి వెనక పెట్టుకుంటే తప్పు జరగదు.

బిళ్లల రంధ్రాలు త్రిభుజంలా ఉంటాయి. పై బిళ్లలో ఒంటి రంధ్రం పైకి, కింది బిళ్లలో ఒంటి రంధ్రం కిందికి. అద్దంలో చూసినట్టు. ఒక్క బిళ్ల తిరగబడినా దూరం నుంచే తెలుస్తుంది.

ఇక బిగింపు తాడు. దాని చివర ముడి వేసి, పై బిళ్ల పక్క రంధ్రంలో లోపలి వైపు నుంచి బయటికి తీయండి. ముడి ఓడ లోపలి వైపు ఆగుతుంది. తాడు బయట నుంచి కిందికి దిగి, కింది బిళ్ల అదే పక్క రంధ్రంలో బయట నుంచి లోపలికి. మళ్లీ పైకి, మధ్య రంధ్రంలో లోపల నుంచి బయటికి. ఇలా మూడో రంధ్రం దాకా. చివరి కొస లోపలి వైపు నుంచి పైకి వెళ్లి, పై బిళ్లకీ మొదటి కట్టుకీ మధ్య సందులో దూరి, మోకు చుట్టూ నాలుగైదు చుట్లు తిరిగి ఆగుతుంది. ఇప్పుడే ఆ చుట్లు వేయకండి. కొసను ఒక చిన్న క్లిప్పుతో పట్టి వదిలేయండి. తీగ కూడా తీసేయండి. అన్ని మోకులూ ఈ వదులు స్థితికి రావాలి, ఏదీ పూర్తిగా బిగియకూడదు.

ముందుమోకు

పక్కమోకుల కన్నులన్నీ స్తంభం తల మీద పడ్డాకే ముందుమోకు వస్తుంది, వాటి పైన కూర్చుంటుంది. ఈ వరస తప్పితే సరిచేయడానికి అన్నీ విప్పాలి.

దీని పై చివర చిన్న కన్ను ఉంటుంది. మోకు స్తంభం తల చుట్టూ తిరిగి, దాని రెండో కొస ఆ చిన్న కన్నులోంచి దూరి వస్తుంది. అది జారి స్తంభాన్ని నొక్కేయకుండా మోకు మీద ఒక ఉబ్బు కడతారు. బేరిపండు ఆకారంలో ఉంటుంది, మౌస్ అంటారు. కన్ను ఆ ఉబ్బు దగ్గర ఆగిపోతుంది. నమూనాలో సన్న దారాన్ని తెల్ల జిగురుతో పొరలు పొరలుగా చుట్టి ఆ ఆకారం తెచ్చుకోవచ్చు. స్తంభం నుంచి ఎంత దూరంలో ఆగాలో ముందే కొలిచి గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే కట్టాక జరపలేరు.

కింది చివర డెడ్‌ఐ బదులు గుండె ఆకారపు కొయ్య బిళ్ల ఉంటుంది, మధ్యలో ఒకటే పెద్ద రంధ్రం. దానికి ఎదురుగా మరొకటి, మధ్యలో బిగింపు తాడు. పద్ధతి అదే.

ఒకే స్తంభం ఉన్న నేటి ఓడల్లోనూ ముందుమోకు మీదే అంత భారం. 2017 సెప్టెంబర్ 10న గోవాలో బయల్దేరి 2018 మే 21న తిరిగొచ్చిన ఐఎన్ఎస్‌వీ తారిణి ఒంటి స్తంభం ఓడే. అందులో భూమి చుట్టి వచ్చిన ఆరుగురు నౌకాదళ మహిళల్లో విశాఖకి చెందిన స్వాతి, హైదరాబాద్‌కి చెందిన ఐశ్వర్య ఉన్నారు. దక్షిణ సముద్రంలో అన్ని వారాలు ఆ స్తంభాన్ని నిలబెట్టినవి కొన్ని లోహపు తీగలే. వాళ్ల ప్రయాణం తలుచుకున్నప్పుడల్లా నాకు ఈ చిన్న మోకుల మీద గౌరవం పెరుగుతుంది.

బిగించడం

కారు చక్రం నట్లు ఎలా బిగిస్తారో గుర్తు తెచ్చుకోండి. ఒకటి పూర్తిగా బిగించి తర్వాతిదానికి వెళ్లరు. ఎదురెదురు నట్లను కొద్దికొద్దిగా తిప్పుతూ వస్తారు. ఇక్కడా అంతే.

ముందుమోకును కొద్దిగా లాగి, స్తంభం ప్లాన్‌లో ఉన్న వాలుకి రాగానే ఆపండి. తర్వాత కుడి ముందు పక్కమోకు, ఎడమ ముందు పక్కమోకు, కుడి రెండోది, ఎడమ రెండోది. ప్రతి జత తర్వాత ఎదురు నుంచి ఒకసారి చూడండి. ఒక రౌండు అయ్యాక మళ్లీ ముందుమోకు దగ్గరికి రండి, ఈసారికి అది కొంచెం వదులై ఉంటుంది. నాకు సాధారణంగా మూడు రౌండ్లు పడతాయి.

ఎంత బిగించాలి? వేలితో మెల్లగా నొక్కితే మోకు కొంచెం లోపలికి వెళ్లి, వదలగానే తిన్నగా రావాలి. వీణ తీగలా మోగితే ఎక్కువైంది. అంత బిగువుకి సన్న స్తంభం విల్లులా వంగుతుంది. ఇక మీ బిళ్లల వరస చూడండి. ఒకటి రెండు బిళ్లలు మిగతావాటికన్నా పైకి వచ్చాయంటే ఆ మోకులు పొట్టిగా కట్టారని అర్థం. ఆ కట్లు విప్పి మళ్లీ కట్టండి. సర్దుకుపోవాలని అనిపిస్తుంది, సర్దుకోకండి. అన్నీ కుదిరాక బిగింపు తాళ్ల కొసలను మోకు చుట్టూ చుట్టి, చివర ఒక చుక్క తెల్ల జిగురు పెట్టండి. సూపర్ గ్లూ వద్దు, తాడును గాజులా పెళుసు చేస్తుంది, మచ్చ కూడా పడుతుంది.

మెట్టుతాళ్లు

నావికులు పైకెక్కడానికి పక్కమోకులకి అడ్డంగా నిచ్చెనలా కట్టే తాళ్లు ఇవి. ఇంగ్లిష్‌లో ర్యాట్‌లైన్లు. అసలు ఓడలో ఒక్కో మెట్టు మధ్య 13 నుంచి 15 అంగుళాలు. 1:100 నమూనాలో సుమారు మూడున్నర మి.మీ.

తెల్ల అట్ట మీద ఆ దూరంలో అడ్డగీతలు గీసి, పక్కమోకుల వెనక నిలబెట్టండి. గీతలు నీటి మట్టానికి సమాంతరంగా ఉండాలి, డెక్కు వంపుకి కాదు. మధ్యలో ఉన్న మోకులన్నిటికీ క్లోవ్ హిచ్ వేయండి, అంటే మోకు చుట్టూ రెండు చుట్లు తిప్పి కొసను రెండో చుట్టు కిందుగా దూర్చే ముడి. రెండు చివరి మోకులకి మాత్రం ముడి కాదు, చిన్న కన్ను చేసి దారంతో కట్టాలి. మరీ చిన్న నమూనాలో అక్కడ కూడా అదే ముడి వేసి వదిలేయొచ్చు, ఎవరూ తప్పు పట్టరు.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ఒక్కో మెట్టు కొంచెం బిగుతుగా పడితే, పది మెట్లు వేసేసరికి చివరి మోకులు రెండూ లోపలికి వంగి ఢమరుకం ఆకారం వస్తుంది. దీన్ని ఆపడానికి రెండు చివరి మోకులకి వెనక నుంచి సన్న వెదురు పుల్ల అడ్డంగా కట్టి ఉంచండి. కింది నుంచి వరసగా కాకుండా ముందు ప్రతి ఐదో మెట్టు వేసి, తర్వాత మధ్యవి నింపండి. మెట్టు బిగుతుగా కాదు, మోకుల మధ్య పిసరంత వేలాడేలా ఉండాలి. నావికుడి పాదాల బరువుకి అసలు తాడు అలాగే వేలాడేది. ముడులన్నీ అయ్యాక నీళ్లు కలిపిన తెల్ల జిగురును కుంచెతో అద్దండి.

ఒక స్తంభానికి రెండు పక్కలా కలిపి వందల ముడులు వస్తాయి. ఒకే విడతలో చేయకండి. రోజుకి పది మెట్లు చాలు. కళ్లు అలసిపోయాక వేసిన ముడులు మర్నాడు విప్పాల్సి వస్తుంది.

పై స్తంభాలు

పద్ధతి మారదు, లావు తగ్గుతుంది. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోండి. రెండో స్తంభపు పక్కమోకులు ఓడ దాకా రావు, కింది స్తంభం తల దగ్గరున్న టాప్ అనే వేదిక అంచుకి ఆగుతాయి. అవి పైకి లాగే లాగుడుకి ఆ వేదిక అంచులు లేచిపోకుండా ఫుటాక్ ష్రౌడ్‌లు అనే పొట్టి మోకులు వేదిక అంచు నుంచి లోపలికి దిగి, కింది పక్కమోకులను పట్టుకుంటాయి. వాటిని ముందు కట్టి, తర్వాతే పైవాటిని బిగించండి. వెనకమోకులు అన్నిటికన్నా చివర వస్తాయి.

పని పూర్తయ్యాక ఓడను ఫ్యాన్ గాలి తగలని చోట వారం రోజులు పెట్టండి. తర్వాత మళ్లీ ఒకసారి ప్రతి మోకునీ వేలితో నొక్కి చూడండి. వదులైనవి ఉంటే కొస దగ్గరి జిగురును తడి కుంచెతో మెత్తబరిచి, చుట్లు విప్పి, ఎదురు పక్క మోకుతో కలిపి మళ్లీ లాగండి. మొదటి వానాకాలం దాటాక ఇంకోసారి చూడండి.